బూస్ట్ కారుకు స్ప్రింగులు: ఎంత దించాలన్నది చివరి ప్రశ్న

కారును దించాలనుకునేవాళ్లు మెకానిక్ షెడ్డులో అడిగే మొదటి మాట "ముప్పై చాలా, నలభై దించాలా?" అని. ముప్పై అంటే 30 మిల్లీమీటర్లు. చక్రానికీ ఫెండరుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు రెండు వేళ్లకు తగ్గితే కారు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. అయితే ఇంజిన్‌కు సూపర్‌చార్జరో టర్బోనో ఉండి, ఆ కారు వారమంతా కర్నూలు వీధుల్లో తిరిగి, ఆదివారం ఐదుగురిని ఎక్కించుకుని మహానంది వెళ్లి రావాలంటే మొదట అడగాల్సింది ఇంకొకటి ఉంది. దించిన తర్వాత చక్రం పైకి లేవడానికి ఎంత జాగా మిగులుతుంది? ఎత్తు, గట్టిదనం, షాకబ్జర్లు, ఖర్చు అన్నీ ఈ ప్రశ్న తర్వాతే వస్తాయి.

ముందుగా బూస్ట్ సంగతి చూద్దాం. సూపర్‌చార్జర్‌ను ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ నుంచి వచ్చే బెల్టు తిప్పుతుంది. టర్బోను సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ తిప్పుతుంది. రెండూ చేసే పని ఒకటే, సిలిండర్లలోకి మామూలుగా పట్టేదానికన్నా ఎక్కువ గాలిని కుక్కడం. అలా పెరిగిన గాలి ఒత్తిడే బూస్ట్, దాన్ని బార్‌లలో కొలుస్తారు, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు ఒక బార్. 0.5 బార్ బూస్ట్ అంటే కాగితం మీద ఒకటిన్నర రెట్ల గాలి. గాలి వేడెక్కడం వల్ల, బెల్టు లాక్కునే శక్తి వల్ల చేతికొచ్చే లాభం అంతకన్నా తక్కువే. రాయలసీమ మే నెల ఎండలో ఇంకా తక్కువ. మన దేశంలో కంపెనీ నుంచే బూస్ట్‌తో వచ్చే పెట్రోల్ కార్లు దాదాపు అన్నీ టర్బోవే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉన్న కియా కర్మాగారం నుంచి 2019లో బయటికొచ్చిన సెల్టోస్‌లోనే 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉండేది. సూపర్‌చార్జర్ కావాలంటే ఖరీదైన విదేశీ కారైనా కొనాలి, లేదా కిట్ తెప్పించి బిగించుకోవాలి.

సూపర్‌చార్జర్లలోనూ రకాలున్నాయి. రూట్స్, స్క్రూ రకాలు తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) గాలి నింపుతాయి కాబట్టి పెడల్ నొక్కిన మరుక్షణం టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, వస్తుంది. సెంట్రిఫ్యూగల్ రకంలో ఒత్తిడి సుమారుగా ఆర్‌పీఎమ్ వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అందుకే దాని జోరంతా పై ఆర్‌పీఎమ్‌లోనే. చక్రాల పట్టుకు మొదటి రకమే కఠినమైన పరీక్ష. రెండో గేరులో సర్కిల్ చుట్టూ తిరుగుతూ పెడల్ నొక్కితే, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో లోపలి చక్రం ఒక్కసారిగా జారిపోతుంది. చాలామంది స్ప్రింగుల వైపు చూసేది ఆ అనుభవం తర్వాతే.

పవర్ పెరిగింది కాబట్టి కారు దించితే పట్టు పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. దాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. వ్యాసమంతా ఒకే నమూనా కారును వాడతాను. డ్రైవరుతో కలిపి 1250 కిలోలు, అందులో 60 శాతం ముందు ఇరుసు మీద. వీల్‌బేస్ 2.65 మీటర్లు, గురుత్వకేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో. ఇవి ఏ ఒక్క మోడల్ అంకెలూ కావు, ఈనాటి సెడాన్లకు దగ్గరగా ఉండేలా తీసుకున్నవి.

ఈ కారు గురుత్వ త్వరణంలో 0.3 వంతుతో దూసుకుపోతే సుమారు 78 కిలోల భారం ముందు చక్రాల నుంచి వెనక్కి జరుగుతుంది. స్ప్రింగు మెత్తనిదైనా గట్టిదైనా జరిగేది అదే 78 కిలోలు. ఎందుకంటే దాన్ని నిర్ణయించేవి బరువు, త్వరణం, గురుత్వకేంద్రం ఎత్తు, వీల్‌బేస్ మాత్రమే. స్ప్రింగు మార్చేది ముక్కు ఎంత లేస్తుంది, తోక ఎంత కుంగుతుంది అన్నదాన్నే. పొడి రోడ్డు మీద టైరు పట్టు 0.9 అనుకుంటే, ఫ్రంట్ వీల్ డ్రైవ్‌తో ఈ కారు అందుకోగల గరిష్ఠ త్వరణం గురుత్వ త్వరణంలో 0.455 వంతు. ఇప్పుడు 30 మి.మీ. దించండి. అది 0.459 అవుతుంది. అంటే లాభం ఒక శాతం కూడా లేదు. బరువులో 45 శాతం వెనక ఉన్న రియర్ వీల్ డ్రైవ్ కారుకైతే లెక్క తలకిందులవుతుంది, 0.498 కాస్తా 0.492కి తగ్గుతుంది. భారం వెనక్కి జరగడమే ఆ కారుకు మేలు, దించితే ఆ మేలు కొంచెం తగ్గుతుంది.

కాబట్టి సిగ్నల్ దగ్గర చక్రాలు జారకుండా ఉండాలన్న కోరికతో స్ప్రింగులు కొనేవాళ్లు ఆ డబ్బును మంచి టైర్ల మీద పెట్టడం మేలు. స్ప్రింగుల వల్ల వచ్చే నిజమైన లాభాలు వేరే ఉన్నాయి. మలుపులో ఒరగడం తగ్గుతుంది, బ్రేకు వేసినప్పుడు ముక్కు కుంగడం తగ్గుతుంది, వేగం మీద లేన్ మారేటప్పుడు కారు తటపటాయించదు. పవర్ పెరిగిన కారు ప్రతి మలుపుకూ ప్రతి బ్రేకుకూ మునుపటికన్నా ఎక్కువ వేగంతో చేరుతుంది కనుక ఇవి చిన్న లాభాలేమీ కావు.

మిల్లీమీటర్ల లెక్క

మన నమూనా కారులో ఒక్కో ముందు చక్రం మీద 375 కిలోలు పడతాయి. చక్రం, బ్రేకు, హబ్ బరువు 45 కిలోలు తీసేస్తే స్ప్రింగు మోసేది 330 కిలోలు. కంపెనీ స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అనుకుందాం, అంటే ఒక మిల్లీమీటరు కుదించడానికి రెండున్నర కిలోల బరువు కావాలి. ఈ లెక్కన కారు నేల మీద నిలబడి ఉన్నప్పుడే స్ప్రింగు 130 మి.మీ. కుంగి ఉంటుంది. అక్కడి నుంచి చక్రం ఇంకా పైకి లేవడానికి, బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) పూర్తిగా నలిగిపోయే దాకా, 80 మి.మీ. జాగా ఉందనుకుందాం.

ఇప్పుడు జాతీయ రహదారి 44 మీద డోన్ దాటి గుత్తి వైపు వెళుతున్నారు. ముందున్న లారీ హఠాత్తుగా లేన్ మారింది, మీరు గట్టిగా బ్రేకు తొక్కారు. 0.8 వంతు బ్రేకింగ్‌లో 207 కిలోల భారం ముందుకు వస్తుంది, ఒక్కో చక్రానికి 104 కిలోలు. 25 న్యూటన్ల స్ప్రింగు దానికి 41 మి.మీ. కుంగుతుంది. సస్పెన్షన్ ఆర్ముల అమరిక అందులో కొంత ఆపుతుంది గానీ, ఆ భాగాన్ని వదిలేద్దాం. 80లో 41 పోతే మిగిలింది 39. సరిగ్గా అప్పుడే చక్రం గుంతలో పడి లేస్తే ఆ దెబ్బను మింగడానికి ఉన్న జాగా అంతే.

ఇదే కారును అదే గట్టిదనం ఉన్న పొట్టి స్ప్రింగులతో 30 మి.మీ. దించితే? 80లో 30 పోయింది, ఆ పైన 41 పోయింది. మిగిలింది 9 మి.మీ. చిటికెన వేలి మందం కూడా లేదు. ఆ గుంత దెబ్బ నేరుగా స్ప్రింగు పైచివర బాడీకి ఆనే స్ట్రట్ మౌంటు మీదా బాడీ మీదా పడుతుంది, చక్రం గాల్లోకి ఎగురుతుంది, ఏబీఎస్ ఆ చక్రానికి బ్రేకు వదిలేస్తుంది. పవర్ పెంచిన కారు ఎక్కువ వేగంతో వస్తోంది కాబట్టి ఇదంతా ఇంకా దారుణంగా జరుగుతుంది.

గట్టిదనాన్ని 25 నుంచి 32కు పెంచితే బ్రేకులో కుంగేది 32 మి.మీ. మాత్రమే. 30 దించినా 18 మి.మీ. మిగులుతుంది. 20 మాత్రమే దించితే 28 మిగులుతుంది. దించే స్ప్రింగు ఎప్పుడూ కంపెనీ స్ప్రింగుకన్నా గట్టిగా ఉండాల్సింది ఇందుకే. కుదుపుగా ఉందని విసుక్కునేవాళ్లు ఉంటారు గానీ, తక్కువ జాగాలో అంతే దెబ్బను మింగాలంటే గట్టిగా ఉండక తప్పదు. మెత్తగా ఉండాలి, బాగా కిందికి దిగాలి అని రెండూ అడిగేవాళ్లకు దొరికేది రోజంతా బంప్ స్టాప్ మీద కూర్చుని ప్రయాణించే కారు.

సూపర్‌చార్జర్ కిట్ బిగించినవాళ్లకు ఇంకో మెలిక ఉంది. చార్జర్, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పైపులు, నీళ్లు, బ్రాకెట్లు కలిపి ముక్కు మీద 30 కిలోలు పెరిగాయనుకుంటే, ఒక్కో వైపు 15 కిలోలు. 25 న్యూటన్ల స్ప్రింగు దానికే దాదాపు 6 మి.మీ. కుంగిపోతుంది. అంటే స్ప్రింగు మార్చకముందే కారు ముందు వైపు 6 మి.మీ. దిగి ఉంది. పెట్టె మీద 30 మి.మీ. అని రాసి ఉండేది మామూలు ఇంజిన్ కారును లెక్కలో పెట్టుకుని. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ వంటి జర్మన్ స్ప్రింగు కంపెనీలు ఒకే మోడల్‌కు కూడా ముందు ఇరుసు బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులు జాబితాలో ఇవ్వడం ఇందుకే. డీజిల్ మోడల్ కోసం చేసిన ముందు స్ప్రింగు బరువైన ఇంజిన్‌ను మోయడానికి గట్టిగా ఉంటుంది కనుక సూపర్‌చార్జర్ పెట్రోల్ కారుకు అదే సరిపోయే సందర్భాలు ఉంటాయి. ఆర్డరు పెట్టేముందు కారును లారీ కాటా దగ్గరికి తీసుకెళ్లి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయించండి. కడప బండల లారీల కోసం యర్రగుంట్ల, బేతంచెర్ల దారుల్లో కాటాలకు కొరత లేదు. టన్నులు తూచే కాటా కాబట్టి చీటీ మీద పది కిలోలు అటూ ఇటూ ఉండవచ్చు, అయినా ఊహకన్నా వెయ్యి రెట్లు నయం.

వదులైపోయే స్ప్రింగు

జాగా గురించి మాట్లాడేటప్పుడు అందరూ పైకి లేచే వైపే చూస్తారు. చక్రం కిందికి వేలాడే వైపు కూడా ఒక లెక్క ఉంది, ప్రమాదం దాగి ఉండేది అక్కడే. 32 న్యూటన్ల కొత్త స్ప్రింగు 330 కిలోల కింద 101 మి.మీ. మాత్రమే కుంగుతుంది. కారు 30 దిగాలి, స్ప్రింగేమో పాతదానికన్నా 29 తక్కువ కుంగుతోంది. అందువల్ల విడిగా బల్ల మీద పెట్టి కొలిస్తే కొత్త స్ప్రింగు పాతదానికన్నా 59 మి.మీ. పొట్టిగా ఉండాలి. పాత షాకబ్జరు చక్రాన్ని 80 మి.మీ. కిందికి వేలాడనిచ్చేది. దించిన ఎత్తు నుంచి కొలిస్తే అది 110 అవుతుంది. స్ప్రింగు కుంగి ఉన్నదేమో 101. జాకీ మీద కారు ఎత్తితే స్ప్రింగుకూ అది కూర్చునే లోహపు సీటుకూ మధ్య 9 మి.మీ. ఖాళీ వస్తుంది, చేత్తో తిప్పితే స్ప్రింగు గలగలా ఆడుతుంది. ఏ ఎత్తుపల్లం మీదనో చక్రం వేలాడి మళ్లీ కూర్చునేటప్పుడు స్ప్రింగు చివర సీటులో ఉండాల్సిన చోట కూర్చోకపోవచ్చు.

మంచి దించే స్ప్రింగుల్లో ఒక చివర రెండు మూడు చుట్లు దగ్గర దగ్గరగా చుట్టి ఉండడం చాలామంది చూసే ఉంటారు. అవి మెత్తగా నడవడానికి పెట్టినవని దుకాణాల్లో చెబుతారు. కారు నేల మీద ఉన్నప్పుడు ఆ చుట్లు చాలా స్ప్రింగుల్లో పూర్తిగా మూసుకుపోయే ఉంటాయి, నడకలో వాటి పాత్ర అంతంత మాత్రమే. చక్రం వేలాడినప్పుడు విచ్చుకుని స్ప్రింగును సీటులో నిలబెట్టడమే వాటి అసలు పని. నిజంగానే కుంగే కొద్దీ గట్టిపడే ప్రోగ్రెసివ్ స్ప్రింగులూ ఉన్నాయి. ఒక్కరే ఉన్నప్పుడు మెత్తగా, కారు నిండినప్పుడు గట్టిగా ఉంటాయి కనుక కుటుంబం వాడే కారుకు అవి నప్పుతాయి. మలుపు మధ్యలో గట్టిదనం మారిపోవడం నాకు నచ్చదు, అది నా ఇష్టాయిష్టాల సంగతి.

షెడ్డులో స్ప్రింగు కోయించడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దీన్ని పుస్తకాలు తిట్టినంతగా లెక్కలు తిట్టవు. స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. ఆరు చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, 25 కాస్తా 30 అవుతుంది. చుట్టుకు 50 మి.మీ. పొడవు పోతే కారు దాదాపు 28 దిగుతుంది. చూశారా, పెట్టెలో వచ్చే స్ప్రింగుకు దగ్గరి అంకెలే. తేడా చివర్లలో ఉంది. కోసిన చివర సీటు ఆకారంలో ఉండదు, అక్కడ రంగు పోయి తుప్పు మొదలవుతుంది, వేలాడినప్పుడు వదులవకుండా పట్టుకునే చుట్లు ఉండవు. చివర సన్నగా లోపలికి ముడుచుకున్న స్ప్రింగునైతే కోయడానికే వీల్లేదు. గ్యాస్ మంట పెట్టి స్ప్రింగును కుంగదీసే పద్ధతి మాత్రం శుద్ధ తప్పు. ఎర్రగా కాలిన చోట ఉక్కుకు పెట్టిన పదును పోతుంది, అక్కడి నుంచి అది రోజురోజుకూ కుంగుతూనే ఉంటుంది, విరిగినా ఆశ్చర్యం లేదు.

మలుపులో ఏం జరుగుతుంది

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవా కోసం ఆగేవాళ్లకు ఊరు గుర్తుంటుంది, నడిపేవాళ్లకు మలుపులు గుర్తుంటాయి. దించిన కారు అక్కడ హాయిగా ఒదిగిపోవాలి. చాలాసార్లు అలా జరగదు, రెండు కారణాల వల్ల.

మొదటిది బంప్ స్టాప్. మలుపులో బయటి ముందు చక్రం మీద భారం పెరుగుతుంది, స్ప్రింగు కుంగుతుంది. ఎక్కువ దించిన కారులో బంప్ స్టాప్ వెంటనే తగులుతుంది. బంప్ స్టాప్ కూడా ఒక స్ప్రింగే, నలిగే కొద్దీ విపరీతంగా గట్టిపడే స్ప్రింగు. అది తగిలిన క్షణం నుంచి ముందు ఇరుసు గట్టిదనం రెండు మూడు రెట్లు కావచ్చు. అప్పుడు బయటి ముందు టైరు మీద మరింత భారం పడి, లోపలిది తేలిపోయి, కారు మలుపు నుంచి బయటికి నెట్టుకుపోతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో అదే సమయంలో సూపర్‌చార్జర్ టార్క్ కూడా ఆ తేలిపోయిన లోపలి చక్రానికే చేరుతుంది. చక్రం గిర్రున తిరుగుతుంది, స్టీరింగు చేతిలో గుంజుతుంది. కారును దించాక పట్టు తగ్గిందని వాపోయేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

రెండోది కొంచెం లోతైనది. మన కార్లలో ముందు వైపు ఉండేది దాదాపు ఎప్పుడూ మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబ్జరూ ఒకే నిలువు కడ్డీగా ఉండే అమరిక. కారు ఎత్తులో ఉన్నప్పుడు, చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే లోయర్ ఆర్ము చక్రం వైపు కిందికి వాలి ఉంటుంది. దించే కొద్దీ అది అడ్డంగా వచ్చి, ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువును రోల్ సెంటర్ అంటారు. ఆర్ము అలా తిరిగే కొద్దీ రోల్ సెంటర్ గురుత్వకేంద్రంకన్నా వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే బాడీని ఒరగదోసే మీట పొడవు పెరిగినట్టే. అంటే కారును దించడం వల్లనే ఒరిగే స్వభావం పెరుగుతుంది, కొత్త స్ప్రింగు గట్టిదనంలో కొంత భాగం ఆ నష్టాన్ని పూడ్చడానికే ఖర్చవుతుంది. దీనికి తోడు, ఆర్ము అడ్డంగా దాటిన తర్వాత చక్రం పైకి లేచే కొద్దీ టైరు పైభాగం లోపలికి వంగాల్సింది పోయి బయటికి వంగడం మొదలుపెడుతుంది. డ్రైవ్ షాఫ్టుల కోణాలూ మారతాయి. టార్క్ ఎక్కువగా ఉన్న కారులో ఆ కోణాల తేడా స్టీరింగును ఒక పక్కకు లాగుతుంది.

ఈ రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ముందు వైపు 15 నుంచి 25 మి.మీ. దాకా దించితే ఆర్ముల అమరిక కంపెనీ ఊహించిన పరిధిలోనే ఉంటుంది. 40 దాటితే స్ప్రింగులతో పని కాదు, బాల్ జాయింట్లను కిందికి జరిపే భాగాలు, పొట్టి షాకబ్జర్లు కూడా కావాలి. కాయిలోవర్లు (మర ఉన్న స్ప్రింగు-షాకబ్జరు జతలు) వేస్తే ఎత్తును మర తిప్పి సర్దుకోవచ్చు గానీ ఆర్ము కోణం మాత్రం ఎత్తుతో పాటే మారుతుంది.

బూస్ట్ ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు నా ఓటు వెనక స్ప్రింగులను ముందువాటికన్నా ఎక్కువ శాతం గట్టిపరచడానికే. వెనక ఇరుసు ఒరుగుడును ఎక్కువ మోస్తే ముందు లోపలి చక్రం నేలను వదలదు, టార్క్ రోడ్డుకు చేరుతుంది. ముందు వైపు రాయిలా చేసి వెనక మెత్తగా వదిలేసిన కిట్లు చూడ్డానికి బాగుంటాయి, గుంతల రోడ్డు మీద మాత్రం ముందు చక్రాలు గెంతుతూనే ఉంటాయి. రియర్ వీల్ డ్రైవ్ కారుకు ఇది తిరగబడుతుంది. వెనక మరీ గట్టిగా చేస్తే మలుపు నుంచి బయటపడేటప్పుడు తోక జారుతుంది, ఆ కార్లలో వెనక మెతకదనం దాచుకోవాలి.

వెనక గట్టిపరచడానికి ఇంకో కారణం మన ప్రయాణాలే. ముగ్గురు వెనక సీట్లో కూర్చుని, డిక్కీ నింపితే వెనక ఇరుసు మీద 160 కిలోలు అదనంగా పడ్డాయనుకోండి. మిల్లీమీటరుకు 22 న్యూటన్ల స్ప్రింగు 36 మి.మీ. కుంగుతుంది. వెనక 90 మి.మీ. జాగా ఉన్న కారును 30 దించి, పైన ఈ బరువు వేస్తే 24 మిగులుతుంది. అహోబిలం దారిలో ప్రతి అతుకూ వెనక కూర్చున్నవాళ్ల నడుముకు తెలుస్తుంది. అదే స్ప్రింగు 28 అయితే కుంగేది 28 మి.మీ., మిగిలేది 32.

ఇక్కడ పాత పాఠం ఒకటి పనికొస్తుంది. 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ, వెనక స్ప్రింగుల ఊగుడు ముందువాటికన్నా కాస్త వేగంగా ఉంటే కారు ముందుకూ వెనక్కూ గుర్రంలా ఊగకుండా సమంగా స్థిరపడుతుందని చూపించాడు. గతుకు మొదట ముందు చక్రాలకు తగులుతుంది, తర్వాతే వెనకవాటికి. ఆలస్యంగా మొదలైన వెనక ఊగుడు వేగంగా ఉంటే ముందుదాన్ని అందుకుంటుంది. గువ్వలచెరువు ఘాట్‌కు, ఓలీ లెక్కకు, బూస్ట్ కారు పట్టుకు ఒకే జవాబు దొరకడం నా మటుకు నాకు ముచ్చటగా ఉంటుంది.

షాకబ్జర్లు లేకుండా స్ప్రింగులు కొనవద్దు

330 కిలోల కింద 130 మి.మీ. కుంగే స్ప్రింగు మీద కారు సెకనుకు సుమారు 1.4 సార్లు ఊగుతుంది. 32 న్యూటన్లదైతే 1.6 సార్లు. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి మీద వేసిన రోడ్లు వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి అలలు అలలుగా తయారవుతాయి. ఆ అల పొడవు 15 మీటర్లయితే, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారును అది సెకనుకు దాదాపు 1.5 సార్లు కదుపుతుంది. కారు సహజంగా ఊగే వేగమూ అదే. ప్రతి అలా ముందు అల పెట్టిన ఊగుడును పెంచుతూ పోతుంది. దాన్ని ఆపేది షాకబ్జరు ఒక్కటే.

కంపెనీ షాకబ్జరును కంపెనీ స్ప్రింగు కోసమే లెక్కగట్టి ఉంటారు. గట్టిదనం 28 శాతం పెరిగితే అదే షాకబ్జరు అణిచే పాలు దాదాపు 12 శాతం తగ్గుతుంది. కొత్త షాకబ్జరైతే ఇది భరించదగ్గ తేడా. అరవై, డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన షాకబ్జరు అప్పటికే సగం ప్రాణంతో ఉంటుంది, గట్టి స్ప్రింగు వేస్తే అది స్ప్రింగును వెనక్కి లాగి పట్టలేదు. ఆగి ఉన్న కారులో పెడల్ తొక్కగానే ముందు చక్రాలు దడదడలాడితే, షాకబ్జర్లతో పాటు లోయర్ ఆర్ము బుష్‌లనూ ఇంజిన్ మౌంట్లనూ చూడండి. ఆ జబ్బుకు స్ప్రింగు మందు కాదు. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతే నేనైతే ముందు షాకబ్జర్లు, బుష్‌లు మారుస్తాను, స్ప్రింగులు మరుసటి ఏడాదికి ఆగగలవు.

స్పీడ్ బ్రేకర్ల భయం మాత్రం సగం నిజం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 99 ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. 2.65 మీటర్ల వీల్‌బేస్ కారు దాని నడిమీద ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ బ్రేకరు మీదే ఉంటాయి, మధ్యలో ఉబ్బు 52 మి.మీ. మాత్రమే. 120 మి.మీ. ఎత్తులో నడిచే కారు కూడా నిశ్చింతగా దాటుతుంది. ఊరి మొదట్లో రాత్రికి రాత్రి ఎవరో పోసిన అడుగు వెడల్పు సిమెంటు దిమ్మెకు ఈ లెక్క వర్తించదు. అది ఎంత ఎత్తు ఉంటే కారు అడుగుకు అంత ఎత్తూ కావాలి, మొదట తగిలేది ఆయిల్ చాంబర్. నలుగురు ఎక్కినప్పుడు చాంబర్ కింద ఎంత మిగులుతుందో టేపు పెట్టి కొలవండి, బ్రోచర్‌లోని గ్రౌండ్ క్లియరెన్స్ సాధారణంగా ఖాళీ కారుది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ(4) కింద అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకూ జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సూపర్‌చార్జర్ కిట్ బిగించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. పాత స్ప్రింగులను పారేయకుండా గోనె సంచిలో కట్టి ఉంచండి, అమ్మే రోజున పనికొస్తాయి.

బిగించేటప్పుడు మెకానిక్‌కు ఒక మాట గట్టిగా చెప్పాలి. లోయర్ ఆర్ము బుష్ బోల్టులను కారు జాకీ మీద ఉండగా ఆఖరు బిగింపు బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆనిన తర్వాతే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరిగిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కుదురుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి, హెడ్‌లైట్ల ఎత్తు సరిచూడండి. కెమెరా, రాడార్ చూసి తనంతట తాను బ్రేకు వేసే కార్లలో ఆ పరికరాలనూ కొత్త ఎత్తుకు సరిచేయించాలి.

ఇంతకీ మీ కారులో నిజంగా ఎంత జాగా ఉంది? దాన్ని తెలుసుకోవడానికి వర్క్‌షాప్ యంత్రాలేమీ అక్కర్లేదు. స్ప్రింగులు కొనకముందే, పాత స్ప్రింగులతోనే, ముందు షాకబ్జరు రాడ్డు మీది రబ్బరు తొడుగును పైకి జరిపి, రాడ్డుకు ఒక సన్నటి ప్లాస్టిక్ ట్యాగు బిగించి, కిందికి షాకబ్జరు గొట్టం దాకా నెట్టండి. కారు మామూలుగా నడిచే దారుల్లోనే నడపండి. ఊళ్లో గతుకులు, హైవే మీద గట్టి బ్రేకు, వీలైతే ఘాట్ రోడ్డు, ఒకసారి నిండు కారుతో. గొట్టం పైకి లేచిన ప్రతిసారీ ట్యాగును నెడుతుంది, ట్యాగు తాను చేరిన అత్యధిక ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. తర్వాత ట్యాగుకూ బంప్ స్టాప్ అడుగుకూ మధ్య మిగిలిన సందును స్కేలుతో కొలవండి. 25 మి.మీ. ఉంటే 20 దించే, పాతిక శాతం గట్టి స్ప్రింగులు మీ కారుకు ఇబ్బంది లేకుండా సరిపోతాయి. 10 ఉంటే 15కు మించి ఆలోచించకండి, అది కూడా కొత్త షాకబ్జర్లతోనే. ట్యాగు బంప్ స్టాప్‌కు అతుక్కుపోయి కనిపిస్తే, మీ దారుల్లో మీ కారు కంపెనీ ఎత్తులోనే జాగా మొత్తం వాడేస్తోందని అర్థం. ఆ కారుకు కావాల్సింది అదే ఎత్తులో నిలబెట్టే గట్టి స్ప్రింగు.